గురువు చుట్టూ నలుగురు

కోటప్పకొండ శివుడు మాటలతో చెప్పే గురువు కాడు. దక్షయజ్ఞం నాశనమయ్యాక ఆయన బాలుడి రూపంలో ఈ త్రికూటాచలం మీదికొచ్చి తపస్సులో కూర్చున్నాడనీ, బ్రహ్మాది దేవతలూ మునులూ వెతుక్కుంటూ వచ్చి జ్ఞానం అడిగారనీ స్థలపురాణం. అందుకే మా పల్నాడులో ఇది మేధా దక్షిణామూర్తి క్షేత్రం. దక్షిణామూర్తి రూపం తెలుగువాళ్ళకు కొత్తది కాదు. మర్రిమాను కింద పడుచు గురువు, ఆయన పాదాల దగ్గర నెరిసిన గడ్డాలతో శిష్యులు: సనకుడు, సనందనుడు, సనాతనుడు, సనత్కుమారుడు. గురువు నోరు మెదపడు. శిష్యులకు సందేహం మిగలదు.

ఆకాశంలోనూ ఒక గురువున్నాడు. ఆయన చుట్టూ నలుగురున్నారు. 1610 జనవరి దాకా ఆ నలుగురి సంగతి మన సిద్ధాంత గ్రంథాలకూ తెలియదు, గ్రీకుల గ్రంథాలకూ తెలియదు. కొండమీది శిల్పానికీ ఆకాశంలోని అమరికకూ చుట్టరికం కలిపి, మనవాళ్ళకు ముందే తెలుసని చెప్పడం నాకు ఇష్టం లేదు. అది మన పూర్వులకూ గౌరవం కాదు, అద్దాలు అరగదీసి రాత్రుళ్ళు మేలుకుని కనిపెట్టినవాడికీ న్యాయం కాదు. అయినా దక్షిణామూర్తి ముందు చేతులు జోడించినప్పుడల్లా నాకు ఆ నలుగురూ గుర్తొస్తారు. గుర్తొచ్చి ఒళ్ళు పులకరిస్తుంది. దానికి కారణం చెప్పమంటే ఈ కథంతా చెప్పాలి.

గురుడి నడకను మనంత ఇదిగా పట్టించుకునే జనం లోకంలో తక్కువ. ఆయన కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు పుష్కరం, సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి. 2016 ఆగస్టులో కృష్ణ ఒడ్డున మునకలేసిన లక్షల మంది, ఆలోచిస్తే, ఒక గ్రహం సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చినందుకు పండుగ చేసుకున్నారు. ఆ చుట్టుకు పట్టేది 11.86 ఏళ్ళు. తాతలు పుష్కరాలతోనే వయసు లెక్కపెట్టుకున్నారు. అంత దగ్గరివాడైన గురుడి ఇంట్లో ఎవరెవరున్నారో మాత్రం చాలాకాలం తెలియలేదు.

తెలిసిన రోజు గురువారం. 1610 జనవరి 7.

వెనిస్ రాజ్యంలోని పాదువా పట్టణం. అక్కడి విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే గెలీలియోకు అప్పటికి 45 ఏళ్ళు. రెండు అద్దాలను గొట్టంలో బిగిస్తే దూరపువి దగ్గరగా కనిపిస్తాయన్న కబురు 1608లో హాలండు నుంచి బయల్దేరింది. ఆ హాలండు వర్తకులే 1606 నాటికి మన మచిలీపట్నంలో కొట్టు తెరిచి కలంకారీ అద్దకాలు బేరమాడుతున్నారు. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా రాజ్యం చేస్తున్నాడు. గెలీలియో కబురు విని ఊరుకోలేదు. తన చేతులతో అద్దాలు సానబట్టి, పడేసి, మళ్ళీ సానబట్టి, 20 రెట్లు పెద్దగా చూపే గొట్టం చేసుకున్నాడు. ఈ రోజు ఆ గొట్టాన్ని మన పిల్లల ముందు పెడితే మసకగా ఉందని పక్కన పెట్టేస్తారు. అందులోంచి ఒకేసారి కనిపించే ఆకాశం చాలా కొంచెం.

ఆ గురువారం రాత్రి ఆయన గొట్టాన్ని గురుడి వైపు తిప్పాడు. గురుడి పక్కన మూడు చిన్న చుక్కలు. తూర్పున రెండు, పడమర ఒకటి. మూడూ గురుడితో కలిసి ఒకే గీత మీద ఉన్నాయి. నక్షత్రాలే అనుకున్నాడు. కాకపోతే అంత తిన్నగా బారు తీరి ఉండటం కొంచెం వింతగా తోచింది. తోచిందని రాసిపెట్టుకున్నాడు. ఈ రాసిపెట్టుకోవడం దగ్గరే నాకు ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. చాలామంది చూసి, బాగుందనుకుని, దుప్పటి కప్పుకునేవాళ్ళు.

మర్నాడు మళ్ళీ చూశాడు. ఈసారి మూడూ పడమరనే ఉన్నాయి. ఇక్కడ కాస్త ఆగాలి. ఆ రోజుల్లో గురుడిది వక్రగతి, అంటే నక్షత్రాల మధ్య తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నాడు. ఆయన పడమరకు జరిగితే వెనకాల నక్షత్రాలు తూర్పున మిగిలిపోవాలి. ఇవి పడమరకు వచ్చాయేమిటి? గ్రహాల పట్టికలు తప్పా? గురుడు లెక్కకు విరుద్ధంగా తూర్పుకు నడిచాడా? 9వ తేదీ రాత్రి కోసం ఆయన ఎంత ఆత్రంగా ఎదురుచూశాడో ఆయన రాతలోనే తెలుస్తుంది. ఆ రాత్రి ఆకాశమంతా మబ్బు.

10వ తేదీన రెండే కనిపించాయి, రెండూ తూర్పున. మూడోది గురుడి వెనక దాగి ఉంటుందనుకున్నాడు. అటు ఇటు మారుతున్నది గురుడు కాదు, చుక్కలు. 11న మళ్ళీ రెండే, అయితే నిన్నటిలా సమానంగా లేవు, ఒకటి రెండోదానికన్నా బాగా పెద్దగా ఉంది. సందేహం తీరిపోయింది. ఇవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయి. 13వ తేదీన నాలుగోది కూడా బయటపడింది: పడమర మూడు, తూర్పున ఒకటి. అక్కడి నుంచి మార్చి మొదటిదాకా, మబ్బు లేని రాత్రల్లా బొమ్మ గీశాడు. గురుడికి ఒక సున్న, అటు ఇటు చిన్న చిన్న చుక్క గుర్తులు. 1610 మార్చిలో వెనిస్‌లో అచ్చయిన ఆయన చిన్న పుస్తకంలో ఈ బొమ్మలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రాత్రి తర్వాత రాత్రి, సున్న అక్కడే, చుక్కలు మాత్రం ఇటొకటి అటు మూడు, అటు రెండు ఇటు రెండు. మనిషి అచ్చేసిన బొమ్మల్లో ఇంత అలంకారం లేనివీ, ఇంత అందమైనవీ నేను చూడలేదు.

ఆ నాలుగు చుక్కలు చేసిన పని పెద్దది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేదే నిజమైతే చంద్రుణ్ణి వెంట ఎట్లా లాక్కుపోతుంది, దారిలో వదిలెయ్యదా అని అప్పటి పండితులు గట్టిగానే అడిగేవారు. గురుడు కదులుతున్నాడన్నది అందరూ ఒప్పుకున్నదే. కదులుతూ నలుగురిని వెంటబెట్టుకునే పోతున్నాడు. ఇక ఆ ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు.

గెలీలియో వాటికి తన ప్రభువుల వంశం పేరు పెట్టాడు, అది నిలవలేదు. దాదాపు అవే రోజుల్లో జర్మనీలో సిమోన్ మారియస్ కూడా వాటిని చూశాడు. 1614లో ఆయన పుస్తకంలో వచ్చిన పేర్లే ఈనాడు మనం పలికేవి: అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో.

ఇక మన కొండకు వద్దాం. శివరాత్రికి కోటప్పకొండ ఎట్లా ఉంటుందో తెలుగునాట చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కదిలొచ్చిన ప్రభలు కొండకింద బారులు తీరతాయి. వెదురు, కలప, మోకులు. కొన్ని ఎనభై తొంభై అడుగుల ఎత్తు. అడుగు నుంచి కొస దాకా రంగురంగుల విద్యుత్ దీపాలు. ‘చేదుకో కోటయ్యా’ అన్న కేకలు తెల్లవార్లూ ఆగవు. అంత వెలుతురులో పాలపుంత కనపడదు, చిన్న నక్షత్రాలు కనపడవు. గురుడు కనపడతాడు. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడి అడ్డం కూడా ఉండదు, తెల్లవారుజామున సన్నని గీతగా లేస్తాడంతే. ఆకాశం చూడటానికి ఇంతకన్నా మంచి రాత్రి ఏముంది? ఊరూవాడా ఎలాగూ జాగారంలో ఉంది.

అటువంటి ఒక శివరాత్రి, జనం పలచబడిన చోట పొలం గట్టు దగ్గర చిన్న టెలిస్కోపు నిలబెట్టుకున్నాను. కొండ ఎక్కి దిగి కాళ్ళు నొప్పులై కూర్చున్న ఒక పెద్దమ్మ అడిగింది.

“ఏంది నాయనా, అందులో ఏం కనపడతది?”

“గురుడు పెద్దమ్మా. ఇట్రా, చూద్దువు.”

ఒక కన్ను మూయడం చేతగాక అరచేత్తో కప్పుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. భూమి తిరుగుతుంది కదా, కాసేపటికి గురుడు అద్దం అంచు దాటిపోయాడు. సరిచేసి మళ్ళీ చూపించాను.

“గుండ్రంగా బిళ్ళ ఉంది. అడ్డంగా రెండు చారలు. పక్కన నాలుగు నూకలు ఉన్నయ్యి. అయ్యి కూడా చుక్కలేనా?”

“చుక్కలు కాదు. ఆయన చందమామలు.”

“నాలుగా!” అని కన్ను తీసి నా మొహంలోకి చూసింది. “అయితే ఆయనకి అమాసే లేదు.”

ఆమె ఆ మాట అన్నది మరుసటి రోజు అమావాస్య కాబట్టి, మనసులో అదే ఉంది కాబట్టి. ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అది నిజం. అయో గురుడి చుట్టూ తిరగడానికి 1 రోజు 18 గంటల 28 నిమిషాలు పడుతుంది. యూరోపాకు 3 రోజుల 13 గంటలు, గానిమీడ్‌కు 7 రోజుల 4 గంటలకు కొంచెం తక్కువ. అంటే గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా దాదాపు రెండు, అయో దాదాపు నాలుగు చుట్లు తిరుగుతాయి. ఒకదాన్నొకటి లాక్కుంటూ, సర్దుకుంటూ, ఈ మూడూ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ ఒప్పందం ప్రకారం మూడూ కలిసి ఎన్నడూ గురుడికి ఒకే పక్కన ఒకే వరసలోకి రావు. రెండు కలిస్తే మూడోది వేరే చోట ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్ది చివర ఫ్రాన్సులో లాప్లాస్ ఈ సంగతిని గణితంతో నిరూపించాడు. చందమామ సూర్యుడి దిక్కున ఉన్నప్పుడే అమావాస్య. మూడింటికీ ఒకేసారి అమావాస్య కుదరదు. పెద్దమ్మ కంటితో చూసి ఒక్క క్షణంలో అన్నది, లాప్లాస్ ఎన్నో పుటల లెక్కతో తేల్చాడు. ఇద్దరికీ నా నమస్కారం.

ఆమె నడుం వాల్చి లేచి, లింగోద్భవ కాలం దాటాక మళ్ళీ వచ్చింది. అన్నిటికన్నా గురుడికి దగ్గరగా ఉన్నది కొంచెం జరిగిందని తనే చెప్పింది. అయో గంటకు 62 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. గురుడు 1,43,000 కిలోమీటర్ల అడ్డకొలత ఉన్న మహాకాయుడు, ఆ వెడల్పంత దూరాన్ని అది రెండున్నర గంటల్లోపే దాటేస్తుంది. ఒక్క జాగారం రాత్రిలో దాని ప్రదక్షిణలో నాలుగో వంతు దాకా అయిపోతుంది. గెలీలియో రోజుల తరబడి తికమకపడి తెలుసుకున్నదాన్ని మేలుకున్నవాళ్ళెవరైనా ఒక్క శివరాత్రిలో కళ్ళారా చూడొచ్చు.

గురుడి వెనకాల సూర్యుడికి ఎదురు దిక్కున పెద్ద నీడ పరుచుకుని ఉంటుంది. ఉపగ్రహం ఆ నీడలోకి వెళ్ళగానే ఆరిపోతుంది, బయటికి రాగానే వెలుగుతుంది. అయోకు ఈ గ్రహణం ప్రతి చుట్టులోనూ తప్పదు. 1676లో పారిస్‌లో ఓలె రోమర్ ఈ గ్రహణాల వేళలు చూస్తూ, భూమి గురుడికి దూరంగా జరిగే నెలల్లో అవి ఆలస్యమవుతున్నాయని పట్టుకున్నాడు. ఆలస్యం అయోది కాదు, వెలుతురుది. వెలుతురుకూ ప్రయాణానికి సమయం పడుతుందని మనిషికి మొదట తెలిసింది ఆ విధంగానే. గురుడు బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా ఆ వెలుగు మన కంటిని చేరేసరికి అరగంట దాటుతుంది. గురుడి దర్శనం ఎప్పుడూ కనీసం అరగంట కిందటిదే.

ఆ గ్రహణాలకు ఇంకో గుణముంది. భూమ్మీద ఎక్కడ నిలబడి చూసినా అయో ఆరిపోయే క్షణం ఒక్కటే. పారిస్‌లోనో గ్రీనిచ్‌లోనో ఆ క్షణానికి అక్కడి గడియారం ఎంత చూపిందో తెలిస్తే, మన ఊళ్ళో ఎంతయిందో చూసుకుని, రెండింటి తేడాతో మనం భూగోళం మీద తూర్పుకు ఎంత దూరంలో ఉన్నామో తేల్చుకోవచ్చు. తేడా 4 నిమిషాలైతే ఒక డిగ్రీ. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అంటే 107 కిలోమీటర్లు. గడియారంలో ఒక్క సెకను తప్పితే పటం మీద ఊరు 445 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసి ఉత్తర దక్షిణాల లెక్క తేల్చడం పూర్వం నుంచీ వచ్చిన విద్యే. తూర్పు పడమరల లెక్కే కొరకరాని కొయ్య. దాన్ని గురుడి చందమామలు తీర్చాయి.

తీర్చిన చోటు మనకు దూరమేమీ కాదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేధశాల 1792లో నుంగంబాకంలో వెలిసింది. అక్కడ జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ళ తరబడి గురుడి ఉపగ్రహాల గ్రహణాలను గడియారం పట్టుకుని చూసి మద్రాసు రేఖాంశం తేల్చాడు. 1802లో మద్రాసు దగ్గరే నేల కొలవడం మొదలుపెట్టిన లాంబ్టన్, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దేశమంతా పరిచిన మహా సర్వేకు ఆ మద్రాసు రేఖాంశమే మొదలు. దక్షిణాది ఊళ్ళన్నీ పటం మీద తమ తమ చోట్లను మద్రాసు నుంచే లెక్కపెట్టుకున్నాయి. వేధశాల పరికరాన్ని మోసిన రాతిస్తంభం ఇప్పటికీ నుంగంబాకంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఉంది. ఆ అక్షరాలంటే నాకు అపారమైన ప్రేమ.

కోటప్పకొండ 80 డిగ్రీల రేఖకు ఆనుకునే, మద్రాసుకు దాదాపు తిన్నగా ఉత్తరాన ఉంది. అక్కడి మిట్టమధ్యాహ్నానికీ ఇక్కడి మిట్టమధ్యాహ్నానికీ ఒక్క నిమిషం తేడా లేదు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు ఏ దిక్కు నుంచి చూసినా మూడూ కనిపిస్తాయని మనం మురిసిపోతాం. ఆ మూడు శిఖరాలు భూగోళం మీద ఎక్కడున్నాయో కాగితం మీద మొదట గుర్తు పెట్టినప్పుడు, ఆ కొలతకు ఆధారం గురుడి చుట్టూ తిరిగే నలుగురు. మేధా దక్షిణామూర్తి కొండకు ఆకాశంలోని గురువూ శిష్యులూ చోటు చూపించారు. ఈ మాట అనుకున్నప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

తెలుగువాళ్ళు ఈ విద్యను దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర చదువుకుని, 1840లో తన ఇంటి దగ్గరే వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూశాడు. మన గుంటూరులో 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం రోజున, ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడగొట్టి చూశాడు. అది వేరే కథ, దానికి వేరే వ్యాసం కావాలి.

ఆ నాలుగు నూకలు దగ్గరికి వెళ్ళి చూస్తే నాలుగు లోకాలు. 1979 మార్చిలో వాయేజర్ 1 పంపిన బొమ్మలో అయో అంచున గొడుగులా లేచిన పొగను లిండా మొరబిటో పసిగట్టింది. అవి అగ్నిపర్వతాలు, ఇప్పటికి లెక్కకొచ్చినవే 400 పైన. నిప్పుకు కారణం పెద్దమ్మ చూసిన ఆ ఒప్పందమే. యూరోపా, గానిమీడ్ ఒకవైపు, గురుడు ఒకవైపు లాగుతుంటే అయో ఒళ్ళంతా నలిగి నలిగి లోపల కాగుతుంది. అదే లాగుడు యూరోపా మంచు పెంకు కింద నీళ్ళను గడ్డకట్టనివ్వకుండా కాపాడుతోంది. ఆ నీరు మన భూమ్మీది సముద్రాలన్నిటికన్నా ఎక్కువని అంచనా. గానిమీడ్ అడ్డకొలత 5,268 కిలోమీటర్లు, బుధగ్రహం కన్నా పెద్దది, తనకంటూ అయస్కాంత క్షేత్రం ఉన్న ఒకే ఒక్క ఉపగ్రహం. కాలిస్టో ఒళ్ళంతా పురాతనమైన గుంటలు. మిగతా మూడింటి ఒప్పందంలో చేరకుండా, 16 రోజుల 16 గంటలకొక చుట్టు, దూరంగా తన దారిన తను పోతుంది. నలుగురిలో నాకు ఎక్కువ ఇష్టం అదే.

గానిమీడ్ దగ్గర మకాం వేయడానికి జ్యూస్ అనే అంతరిక్ష నౌక 2023 ఏప్రిల్ 14న బయల్దేరింది. యూరోపా క్లిప్పర్ అనే ఇంకో నౌక 2024 అక్టోబరు 14న కదిలింది. గోదావరి, కృష్ణ, కావేరి పుష్కరాలు మూడూ దాటి 2030 ఏప్రిల్ వచ్చేసరికి అది గురుడి ముంగిట ఉండాలి. అందాకా ఆగక్కర్లేదు. 2026 శివరాత్రి ఫిబ్రవరి 15న, గెలీలియో పుట్టిన తేదీనే వచ్చింది, అప్పుడు గురుడు మిథునంలో నడినెత్తిన వెలిగాడు. 2027 శివరాత్రి మార్చి 6న. ఆ రోజు కూడా చీకటి పడేసరికే గురుడు తూర్పున బాగా పైకొచ్చి ఉంటాడు. టెలిస్కోపు లేకపోయినా 10 రెట్లు చూపే మామూలు బైనాక్యులర్ చాలు. మోచేతులు బండి చట్రానికో మెట్ల పక్క గోడకో ఆనించి, ఊపిరి బిగబట్టి చూడండి. రాత్రి ఎనిమిదికి ఒకసారి, పన్నెండుకు ఒకసారి, మూడింటికి ఒకసారి కాగితం మీద సున్న గీసి అటు ఇటు చుక్కలు పెట్టుకోండి. పక్కన పెద్దవాళ్ళెవరైనా కూర్చుని ఉంటే ముందు వాళ్ళకు చూపించండి.